కట్ట మీద ఎవరున్నారు? మూడు ఊళ్ళ చాట్ సర్వర్‌ను కాసిన కథ

మొన్న మా తమ్ముడి కూతురు కొత్త ఉద్యోగంలో చేరి, “అత్తా, నాకు సాకెట్లు చూసే పని ఇచ్చినారు. ఇంత సప్పటి పని ఇంకోటి ఉండదు” అని మొహం వేలాడేసుకుంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ సప్పటి పని చేస్తూండగానే ఒకసారి నా టేబుల్ చుట్టూ రెండు జీపుల జనం నిలబడ్డారు. ఒక ఎద్దు పోటీలో ఎందుకు ఆగిపోయిందో తేలితే తప్ప ఆ జీపులు ఎటు పోవాలో తేలని పరిస్థితి. ఆ పిల్లకు చెప్పిందే ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకందరికీ చెబుతున్నాను.

తర్వాత నేను బెంగుళూరులో చేసిన పెద్ద కొలువుల గురించి రాయను. అక్కడ ఏసీ బాగుండేది, కాఫీ బాగుండేది, అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. పని నేర్చుకున్నది మాత్రం ప్రొద్దుటూరులో, ఒక పట్టుచీరల అంగడి మేడ మీద.

మూడు ఊళ్ళు, మూడు తిక్కలు

ఆ అంగడి యజమానిని ఊరంతా శెట్టి మామ అనేది. ఆయనకు కొత్తదంటే పిచ్చి. ఊళ్ళోకి ఇంటర్నెట్ వచ్చిందని తెలియగానే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్లా సెంటర్లు తెరిచాడు. మూడు ఊళ్ళవాళ్ళూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చాట్ పెట్టమని నన్ను పనిలోకి తీసుకున్నాడు. మా వైపు ఇంటిముందు నలుగురూ కూర్చునే రాతి అరుగును కట్ట అంటాం. చాట్‌కు ఆ పేరే పెట్టాం.

ఒక్కో ఊళ్ళో ఒక్కో సర్వర్. మూడూ ఫోను లైన్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. ప్రొద్దుటూరులో లినక్స్ పెట్టాం, అది ఊరికే వస్తుంది కాబట్టి. జమ్మలమడుగులో విండోస్, ఎందుకంటే ఆ సెంటరు చూసే శెట్టి మామ బావమరిదికి ఇంకేదీ రాదు. పులివెందులలో ఫ్రీబీఎస్‌డీ. అక్కడి ఇంజనీరుకు అది తప్ప లోకంలో మిగతావన్నీ బొమ్మలాటలే. ఒకే ప్రోగ్రాము మూడు చోట్లా నడవాలి. ఎవరిని తిట్టుకోవాలో తెలియక మొదటి నెలంతా ముగ్గురినీ సమానంగా తిట్టుకున్నాను.

సాకెట్ అంటే సర్వర్‌కూ ఒక మనిషి కంప్యూటర్‌కూ మధ్య తెరిచి ఉంచిన దారి. వందమంది కట్ట మీద కూర్చుంటే వంద దారులు. ఏ దారిలో మాట వస్తున్నదో కనిపెట్టడమే మన పని. నేను గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాను, నాకు అలాగే అర్థమైంది. పాత పద్ధతిలో మాటిమాటికీ మంద మొత్తాన్నీ తడిమి చూసుకోవాలి. మంద పెరిగే కొద్దీ తడమడంతోనే పొద్దు గడిచిపోతుంది. లినక్స్‌లో అప్పుడే కొత్తగా వచ్చిన ఈపోల్, ఫ్రీబీఎస్‌డీలోని కేక్యూ మెడలో గంటలు కట్టినట్టు పని చేస్తాయి. ఏది కదిలితే అది మోగుతుంది, దాని దగ్గరికే పోతాం. విండోస్ తీరు ఇంకోటి. అది ‘మేక పాలకు వచ్చింది, వచ్చి పిండుకో’ అనదు. ముందుగా చెంబు పెట్టి రావాలి. నిండిన తర్వాత ‘పిండేశాను, తీసుకో’ అంటుంది.

ఈ తేడా మీద నేను పడ్డ పాట్లు మీరు పడకండి. ‘సిద్ధంగా ఉంది’ అనడం వేరు, ‘అయిపోయింది’ అనడం వేరు. రెండూ ఒకటే అన్నట్టు పైన ముసుగు వేస్తే ఏదో ఒక రోజు ముసుగు చిరుగుతుంది. నేను చివరికి మూడింటినీ విండోస్ దారికి తెచ్చాను. పై ప్రోగ్రాముకు చేరేది ‘అయిపోయింది’ అన్న ఒక్క కబురే. పులివెందుల ఇంజనీరు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం వల్ల పని తొందరగా అయింది.

శెట్టి మామ మర్యాద

అంగడికి వచ్చినవాళ్ళను రండి కూర్చోండి అనాలి, పోయేవాళ్ళను మళ్ళీ రండి అనాలి. శెట్టి మామ ఇంట్లో పుట్టిన పిల్లలు అమ్మ అనే మాటకన్నా ముందు ఈ రెండూ నేర్చుకుంటారు. చాట్‌లో కూడా ఆ మర్యాద ఉండాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు.

“మాట్లాడకుండా మనిషి పోతాంటే గమ్మున చూస్తాందా నీ సర్వరు? పోయేటోళ్ళకు ఒక మాట చెప్పాల్నా వద్దా?”

సరేనన్నాను. ఎవరి సాకెట్ మూతపడినా మూడు ఊళ్ళ తెరల మీదా ఒక వరుస వచ్చేది. ‘ఫలానావారు జమ్మలమడుగు నుంచి బయలుదేరినారు. మళ్ళీ రండి.’ శెట్టి మామ ఆ వరుస చూసుకోవడానికే రోజూ మేడ ఎక్కేవాడు. ఎవరైనా పోతే చాలు, తెరకు నమస్కారం పెట్టేవాడు.

ఆ రోజుల్లో కట్ట మీద అందరూ మారుపేర్లతోనే కూర్చునేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవారు. ఒకరు బంగారం ధర అడిగితే ఇంకొకరు సినిమా కథ చెప్పేవారు. అందరిలోకీ ఇద్దరు నాకు భలే ఇష్టం. జమ్మలమడుగు నుంచి వచ్చే ఆయన పేరు మచ్చెద్దు. పులివెందుల నుంచి వచ్చే ఆయన పేరు ఆరుపళ్ళు. బండలాగుడు పోటీల్లో ఆరు పళ్ళు వచ్చిన గిత్తలకు వేరే విభాగం ఉంటుంది, ఆ పేరు పెట్టుకున్నాడాయన. ఇద్దరూ ఒంటి వేలితో కొట్టేవారు. ఒక మాట అంటే దానికి జవాబు వచ్చేలోపు నేను టీ తాగి రావచ్చు. సాయంత్రమైతే ఇద్దరికీ ఒకే గొడవ.

“నీ ఎడమెద్దు బండ కాడ నిలబడిపోయిందంట గదప్పా?” అని ఆరుపళ్ళు గిల్లేవాడు. “ఉలవలు ఎక్కువ పెట్టింటావు.”

“నిలబడల్యా. ఆలోచిస్తాండింది” అని మచ్చెద్దు జవాబు.

నెలల తరబడి ఇదే వాదం. పోటీలో ఎద్దుకు ఆలోచన ఏమిటి, బండ ముందు నిలబడి అది దేని గురించి ఆలోచిస్తుంది అని ఆరుపళ్ళు తవ్వితవ్వి అడిగేవాడు. నేను నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

ఒకరోజు తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన మెట్లు దడదడలాడిస్తూ వచ్చాడు. పేరు ఓబులేసు. మచ్చెద్దుకు మేనల్లుడు, ఆయన వెంట తిరిగే జీపులకు పెద్ద. అప్పటిదాకా ఆ మచ్చెద్దు ఎవరో నాకు తెలియదు. వేముల దగ్గరి ఒక ఊళ్ళో ఒక పార్టీకి పెద్ద తలకాయ ఆయన. చెల్లెలి ఇల్లు జమ్మలమడుగులో ఉంది కాబట్టి అక్కడికి వచ్చి మన కట్ట మీద కూర్చుంటున్నాడు.

“ఏందక్కా ఇది?” అని ఓబులేసు తెర మీద వేలు పెట్టాడు. “మా మామ జమ్మలమడుగు నుంచి బయల్దేరినాడని మూడు ఊర్లల్లో టముకు కొట్టిస్తాండావా? మా ఇంట్లో మా అత్తకు గూడ చెప్పం యాళ ఎప్పుడని!”

ఆ సంవత్సరాల్లో మా వైపు పార్టీ పెద్దలు ఎవరూ బయలుదేరే సమయం చెప్పేవారు కాదు. ఏ దారిన పోతారో అసలే చెప్పరు. దారి కాచి చంపేవాడికి కావలసిందల్లా ఆ ఒక్క కబురే. మేమేమో దానికి ‘మళ్ళీ రండి’ కూడా తగిలించి ఊరూరా చాటుతున్నాం. శెట్టి మామ కింద నుంచి పరుగెత్తుకొచ్చి, సంగతి విని, “అయ్యో, మర్యాదకు పెట్టింటిమి నాయనా” అని కుర్చీలో కూలబడ్డాడు. ఓబులేసుకు కోపం ఆగిపోయి నవ్వొచ్చింది. ఆ వరుసను అప్పటికప్పుడే తీసేశాను.

ఒక ప్రోగ్రాము తప్పో ఒప్పో కోడ్ చూస్తే తెలియదు, అది నడిచే ఊరి బతుకు చూడాలి. నాకు తెలిసినంతలో ఈ మాట ఏ కాలేజీలోనూ చెప్పరు.

దయ్యాల కాపురం

పోయే కబురు తీసేసిన తర్వాత ఇంకో తమాషా మొదలైంది. జమ్మలమడుగులో కరెంటు పోయినప్పుడల్లా జనం కూర్చున్న కంప్యూటర్లు ఆరిపోయేవి, సర్వర్ మాత్రం బ్యాటరీ మీద బతికే ఉండేది. ఆరిపోయిన కంప్యూటర్ ‘నేను పోతున్నాను’ అని చెప్పి పోదు కదా. సర్వర్ మాత్రం చెంబు పెట్టి అలాగే ఎదురు చూస్తూ ఉంటుంది. మనిషి ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నా, కట్ట మీద ఆయన పేరు వెలుగుతూనే ఉంటుంది. వీటిని నేను దయ్యాలు అనేదాన్ని.

లినక్స్‌లో ఈపోల్ చెప్పదు, ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ చెప్పదు, విండోస్ కూడా చెప్పదు. మూడూ జరిగినదాన్ని చెబుతాయి. ఏమీ జరగకపోవడాన్ని చెప్పే గంట మూడింటిలోనూ దానంతటదిగా మోగదు. దానికి మనమే పూనుకోవాలి. అప్పుడప్పుడూ ఒక చిన్న పలకరింపు పంపి, గడువు లోపల జవాబు రాకపోతే ఆ సాకెట్ మూసేయాలి. ఆ కోడ్ రాసి పెట్టుకుని శెట్టి మామ దగ్గరికి పోయాను.

“అంటే, కూర్చున్న మనిషిని మాటిమాటికి ఉండావా పోయినావా అని అడుగుతావా? అది మర్యాదేనా మే?” అన్నాడాయన.

పైగా దయ్యాల వల్ల సెంటరు ఎప్పుడూ నిండుగా కనిపిస్తున్నదని ఆయనకు సంతోషం. ఓబులేసుకు ఇంకా సంతోషం. మామ ఎప్పుడు చూసినా జమ్మలమడుగులోనే ఉన్నట్టు కనిపిస్తే దారి కాచేవాళ్ళకు ఏం తెలుస్తుంది? ఆ పలకరింపు కోడ్‌ను పక్కన పడేశాం. ఒక తప్పు వల్ల అందరూ సుఖంగా ఉన్నప్పుడు దాన్ని దిద్దుతానని వచ్చే మనిషి ఎవరికీ నచ్చదు. ఈ ఉద్యోగంలో మీరు చాలాసార్లు ఆ మనిషి అవుతారు, ఇప్పుడే అలవాటు చేసుకోండి.

ఈలోగా ఆరుపళ్ళు ఎవరో కూడా తెలిసింది. పులివెందుల ఇంజనీరు మాటల్లో నోరు జారాడు. మచ్చెద్దు ఊరికి పక్క ఊరు, ఎదుటి పార్టీ, ఆ పార్టీకి ఈయనే పెద్ద. రెండు ఇళ్ళ మధ్యా రెండు తరాల పగ. ఒకరి పెళ్ళికి వేసిన పందిరి నీడ కూడా ఇంకొకరు తొక్కరు. అలాంటిది రోజూ సాయంత్రం ఎద్దు ఆలోచన గురించి కొట్టుకుంటున్నారు! నేను ఎవరికీ చెప్పలేదు. కాపలా కాసేవాళ్ళకు చాలా కనిపిస్తాయి, కనిపించినవన్నీ నోట్లోంచి రాకూడదు. ఆ సంగతి ఆ ఇద్దరికీ తెలుసో లేదో కూడా నాకు తెలియదు.

జీపులు వచ్చిన మధ్యాహ్నం

పోలింగుకు ముందు, ప్రచారం ముగిసే రోజు. అంగళ్ళన్నీ సగం మూసి ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగా కింద రెండు జీపులు ఆగాయి. ఓబులేసు కొందరిని వెంటబెట్టుకుని పైకి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అక్కా, ముద్దనూరు కాడ మా మామను ఏసేసినారంట.”

ఎవరో చూశామన్నారట, ఎవరు చూశారో ఎవరికీ తెలియదు. మామ ఎప్పటిలాగే సెల్‌ఫోను ఆపేసి ఉన్నాడు. చెల్లెలి ఇంట్లో లేడు. జీపుల్లో జనం పక్క ఊరి మీదికి, అంటే ఆరుపళ్ళు ఊరి మీదికి పోవడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్ళు పోతే ఆ సాయంత్రానికి ఎన్ని ఇళ్ళు మిగిలేవో తెలియదు.

“మీ కట్ట మీద మామ పేరు అగుపిస్తాంది గదా. చెప్పక్కా, ఆయప్ప ఉండాడా ల్యాడా? ఉండాడంటే ఈడి నుంచే ఎనిక్కి పోతాం.”

తెర మీద మచ్చెద్దు పేరు వెలుగుతోంది. అది మనిషో దయ్యమో నాకు తెలియదు. పొద్దున జమ్మలమడుగులో కరెంటు పోయి వచ్చింది. సెంటరుకు ఫోను చేద్దామంటే ఆ లైను మీదే సర్వర్లు మాట్లాడుకుంటున్నాయి, ఎంగేజ్ మోత తప్ప ఏమీ రాదు. ఆ లైను తెంచితే ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. అక్కడి బావమరిదికి చాట్‌లో నాలుగుసార్లు కబురు పెట్టాను. ఆయన ఏదో ఊరేగింపు చూడటానికి పోయినట్టున్నాడు, పలకలేదు.

మచ్చెద్దును పలకరించాను. జవాబు లేదు. ఓబులేసు వెనక నిలబడ్డవాళ్ళ ఊపిరి నా మెడకు తగులుతోంది. శెట్టి మామ మెట్ల మీద నిలబడి అందరినీ “రండి, కూర్చోండి” అంటున్నాడు. భయం వేసినప్పుడు ఆయన నోటికి వేరే మాట రాదు.

అంతలో జమ్మలమడుగు నుంచి కట్ట మీదికి ఒక కొత్త పేరు వచ్చింది. ‘అసలు మచ్చెద్దు’ అని.

“ఎవురప్పా నా పేరు మీద కూర్చునింది? నన్ను లోపలికి రానీయకుండా ఉండాది ఈ మిషన్” అని నిదానంగా, ఒక్కో అక్షరంగా తెర మీద పడింది.

నాకు అర్థమైంది. కరెంటు పోయినప్పుడు మిగిలిన దయ్యం ఆయన పేరును పట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చిన మనిషిని ఆయన దయ్యమే గుమ్మంలో ఆపేసింది. సంతోషంతో కుర్చీలోంచి లేచి, “ఉండాడు! మీ మామ ఉండాడు!” అని అరిచాను.

ఓబులేసు కదల్లేదు. “అసలు అని చెప్పుకునేటోన్ని ఎట్ల నమ్మాలక్కా? మనల్ని ఈడ నిలబెట్టేదానికి ఎవుడో ఆడతాండాడేమో.”

ఆ మాటలో న్యాయముంది. ‘మామా, నువ్వేనా?’ అని ఓబులేసు నా చేత కొట్టించాడు. ‘నేను గాక నీ తాతనా’ అని వచ్చింది. ఎవరైనా అనగలిగే మాటే. జీపుల్లో ఒకాయన హారన్ మోగించాడు. ఓబులేసు మెట్ల వైపు తిరిగాడు.

అప్పుడు పులివెందుల నుంచి ఆరుపళ్ళు నోరు విప్పాడు. కట్ట మీద జరుగుతున్నదంతా ఆయన చూస్తూనే ఉన్నాడు.

“ఆగండప్పా. నేను అడుగుతా. అసలు మచ్చెద్దూ, నీ ఎడమెద్దుకు ఉలవలు ఎక్కువై బండ కాడ నిలబడిపోయింది, అవునా కాదా?”

నేను ఓబులేసు చొక్కా పట్టుకుని ఆపాను. దొంగ అయితే ఏమంటాడు? అవునంటాడు, లేకపోతే తెలియదంటాడు. తెర మీద ఏమీ రావడం లేదు. కింద జీపుల ఇంజన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ ఒంటి వేలు ఎక్కడ వెతుక్కుంటున్నదో అని నాకు ప్రాణం పోతోంది.

“నిలబడల్యా” అని వచ్చింది. తర్వాత చాలాసేపటికి, “ఎన్నిసార్లు చెప్పాల. ఆలోచిస్తాండింది.”

ఓబులేసు ఒక్క గావుకేక పెట్టాడు. “మా మామే! ఈ మాట ఇంట్లో చెప్పి చెప్పి సంపుతాండాడు! మా మామే రా!” అని కిటికీలోంచి తల పెట్టి కిందివాళ్ళకు అరిచాడు. కింద ఒకాయన, “ఏమంటాండాడు?” అని అడిగాడు. “ఎద్దు ఆలోచిస్తాండిందంట!” జీపుల్లో నవ్వులు. ఇంజన్లు ఒకటొకటిగా ఆగాయి. పక్క ఊరిని తగలబెట్టడానికి బయలుదేరినవాళ్ళు టాపులు చరుచుకుంటూ నవ్వుతుంటే, శెట్టి మామ అందరికీ సోడాలు తెప్పించాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు, ముక్కు మాత్రం కారుతోంది.

ఆ గొడవలోనే ఎవరినీ అడగకుండా పలకరింపు కోడ్ ఎక్కించాను. కాసేపటికి దయ్యాలన్నీ రాలిపోయాయి. నిండుగా ఉన్న కట్ట ఒక్కసారిగా బోసిపోయింది. మచ్చెద్దుకు తన పేరు తనకు దక్కింది. మర్యాద సంగతి శెట్టి మామ మళ్ళీ ఎత్తలేదు.

సోడా తాగుతూ ఓబులేసు అడిగాడు. “ఆ ఆరుపళ్ళు ఎవురక్కా? భలే కొచ్చెను అడిగినాడు. నమ్మకస్తుడేనా?”

“ఎద్దుల సంగతిలో నమ్మొచ్చు నాయనా” అన్నాను.

ఆఖరి రోజు

కొన్నేళ్ళకు అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. కట్ట మీద కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. పార్టీల వేడి కూడా అప్పటికి కొంచెం చల్లారింది గానీ, దారి చెప్పని అలవాటు మాత్రం ఎవరికీ పోలేదు. శెట్టి మామ ఒకరోజు బరువుగా, “మూసేద్దాం మే” అన్నాడు. ఆ సాయంత్రం సర్వర్లు ఆపేస్తున్నామని మూడు ఊళ్ళకూ చెప్పాను. జనం ఒకరొకరే వచ్చి పలకరించి పోయారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

చాలాసేపు ఎద్దుల మీద వాదించుకున్నారు. తర్వాత మచ్చెద్దు నన్ను పిలిచాడు.

“అమ్మా, ముందర పోయేటప్పుడు ఒక మాట చెప్తాండె గదా మీ మిషన్. దాన్ని ఈ ఒక్క పొద్దు మళ్ళా పెట్టు.”

ఎందుకని అడగలేదు. పాత కోడ్ వెతికి పెట్టాను. అప్పుడు ఆయన ఆరుపళ్ళకు రాశాడు.

“నేను బయల్దేర్తాండా అప్పా. ముద్దనూరు మీద పోతాండా. ఒగన్నే ఉండా, జీపులు ల్యావు.”

జీవితమంతా పెళ్ళానికి కూడా చెప్పని కబురు అది. ఎప్పుడు, ఏ దారిన, ఎంతమందితో. మూడింటినీ ఎదుటి పార్టీ పెద్ద చేతిలో పెట్టాడు. ఎదుటివాడు ఎవరో ఆయనకు తెలుసు. ఇద్దరికీ ఎప్పటినుంచో తెలుసు.

పులివెందుల వైపు నుంచి ఆ ఒంటి వేలు కదిలింది.

“ముద్దనూరు దాటినాక రోడ్డు తవ్వినారు. నిదానంగా పో.”

తెర మీద వరుస వచ్చింది. ‘మచ్చెద్దువారు జమ్మలమడుగు నుంచి బయలుదేరినారు. మళ్ళీ రండి.’ నా పక్కన నిలబడ్డ శెట్టి మామ అలవాటుగా తెరకు నమస్కారం పెట్టాడు.

ఇంక ఆపేద్దామని చెయ్యి చాచాను. ఆరుపళ్ళు ఇంకా పోలేదు. దయ్యమేమో అని పలకరింపు పంపి చూశాను, వెంటనే జవాబు వచ్చింది. మనిషి ఉన్నాడు, మాట్లాడటం లేదంతే. ఏం కావాలని అడిగాను.

“ఆయప్ప ఇల్లు చేరిన కబురు వచ్చేదాంక ఉంటా” అన్నాడు.

ఇక్కడ నేనూ శెట్టి మామా, అక్కడ ఆయనా, ముగ్గురం అలాగే కూర్చున్నాం. పొద్దు గూకి చీకటి పడ్డాక నా సెల్‌ఫోను మోగింది. ఓబులేసు. “మామ ఇంటికొచ్చినాడక్కా. మీకు చెప్పమన్నాడు. నాకేమీ అర్థం కాల్యా, ఎందుకు చెప్పమన్నాడో.”

“చేరినారంట” అని కట్ట మీద రాశాను.

‘ఆరుపళ్ళువారు పులివెందుల నుంచి బయలుదేరినారు. మళ్ళీ రండి’ అని వచ్చింది. అప్పుడు సర్వర్ ఆపాను.